కెరీర్ టెస్టులు, యాప్‌లు, చాట్‌బాట్‌లు: పిల్లలకు దారి చూపడంలో ఏది ఎక్కడ పనికొస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఒక స్వచ్ఛంద బృందం తరఫున 16 నుంచి 22 ఏళ్ల పిల్లలకు స్కూలు తర్వాత ఏం చదవాలి, చదువయ్యాక పనిలోకి ఎలా వెళ్లాలి అన్న విషయాల్లో సాయం చేస్తున్నారు. ఒకే అమ్మాయి మూడు సైట్లలో కెరీర్ టెస్ట్ రాస్తే మూడు రకాల ఫలితాలు వచ్చాయి. చాట్‌బాట్‌ను అడిగితే నాలుగోది చెప్పింది. ఇప్పుడు డబ్బు పెట్టి ఒక ప్లాట్‌ఫాం కొందామనుకుంటున్నారు, ఏది కొనాలని అడిగారు.

సూటిగా చెప్తానండీ. ముందు క్యాలెండర్, అంటే గడువుల పట్టిక, తర్వాత సమాచారం, చివర్న టెస్ట్. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. "నేనేం అవ్వాలి" అన్న నిర్ణయాన్ని ఏ టూల్ చేతిలోనూ పెట్టకండి, అక్కడ అవి బలహీనం. ఆ నిర్ణయం అయ్యాక సీటు చేతికొచ్చి క్లాసులో కూర్చునేదాకా, ఆఫర్ వచ్చి పనిలో చేరేదాకా ఉండే నెలల్లో మాత్రం అవి నిజంగా ఆదుకుంటాయి. నేను ఈ కౌన్సెలింగ్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. తప్పు కోర్సు ఎంచుకుని నష్టపోయినవాళ్ల కంటే, మంచి కోర్సే ఎంచుకుని మధ్యలో జారిపోయినవాళ్లనే ఎక్కువగా చూశాను.

ముందు మీ అమ్మాయి మూడు ఫలితాల సంగతి చూద్దాం.

అవి వేరువేరుగా రావడంలో వింతేమీ లేదు. ఒక సైట్ ఆసక్తిని కొలిచి ఉంటుంది, ఇంకోటి స్వభావాన్ని, మూడోది లెక్కలు, లాజిక్ లాంటి సామర్థ్యాన్ని. నీకేది ఇష్టం, నువ్వెలాంటి మనిషివి, నీకేది చేతనవును అన్న మూడు ప్రశ్నలకు ఒకే జవాబు రావాలని ఎక్కడా లేదు. కాబట్టి మొదట చూడాల్సింది ఆ టెస్ట్ దేన్ని కొలుస్తానంటోందన్నదే. ఆ మాట ఎక్కడా రాయని టెస్టును అక్కడే వదిలేయండి.

ఆసక్తి టెస్టుల్లో చాలావాటికి మూలం జాన్ హాలండ్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1959లో ప్రతిపాదించిన సిద్ధాంతం. ఆసక్తుల్నీ పనుల్నీ ఆయన ఆరు రకాలుగా చూశాడు: చేతులతో, పరికరాలతో చేసే పనులు, పరిశోధన, కళ, మనుషులకు సాయపడడం లేదా నేర్పడం, వ్యాపారం నడపడం, లెక్కలూ రికార్డుల్లా పద్ధతిగా సాగే పనులు. అమెరికా కార్మిక శాఖ నడిపే ఓ-నెట్ సైట్లో ఉచితంగా దొరికే ఇంటరెస్ట్ ప్రొఫైలర్ దీనిమీదే ఆధారపడింది. దాని చిన్న రూపంలో 60 ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి "అస్సలు ఇష్టం లేదు" నుంచి "చాలా ఇష్టం" దాకా ఐదు మెట్లు.

ఫలితం వచ్చాక చూడడం కాదు, పిల్లలు అది రాస్తున్నప్పుడు పక్కన కూర్చోండి. ఇటుకలు, టైల్స్ పరచడం అని వస్తుంది. ఆలోచించకుండా "అస్సలు ఇష్టం లేదు" కొట్టేస్తారు. కొత్త మందు కనిపెట్టడం అని వస్తే "చాలా ఇష్టం", ఎందుకంటే వినడానికి గొప్పగా ఉంది. రికార్డులు, ఫారాల్లో తప్పులు సరిచూడడం అన్న ప్రశ్న దగ్గర ఒకమ్మాయి మౌస్ అటూ ఇటూ తిప్పుతూ ఆగిపోయింది. ఏమైందమ్మా అంటే, "స్కూల్ మ్యాగజైన్‌కి ప్రూఫులు నేనే చూసేదాన్ని సార్, బాగుండేది. కానీ ఇది క్లర్కు పని కదా" అని "ఇష్టం లేదు" నొక్కబోయింది. చదువు సరిపోతుందా, జీతమెంత అన్నవి పట్టించుకోకుండా జవాబివ్వమని ఆ టెస్ట్ ముందే చెప్తుంది. నలుగురూ ఏమనుకుంటారో పట్టించుకోవద్దని మాత్రం చెప్పదు. ఆ రోజు మిగతా సమయమంతా ఆ ఒక్క ప్రశ్న మీదే నడిచింది. ఎడిటింగ్, యంత్రాలకూ సాఫ్ట్‌వేర్‌కూ వాడకం పుస్తకాలు రాసే పని, వైద్య పరిశోధనల పత్రాలు తనిఖీ చేసే పని దాకా వెళ్లింది మాట. టెస్ట్ చివర్న ఇచ్చిన ఆసక్తి రకాల కోడ్ ఏమిటో ఇద్దరం పెద్దగా పట్టించుకోలేదు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. అనేక అధ్యయనాలను కలిపి సూజన్ విస్టన్ బృందం 2003లో ప్రచురించిన విశ్లేషణలో, పిల్లల్ని కంప్యూటర్‌కే వదిలేసినప్పటి కంటే దానికి కౌన్సెలర్ తోడైనప్పుడు ఫలితం బాగుందని తేలింది.

స్వభావం చెప్పే టెస్టుల విషయంలో నేను ఇంకా కఠినంగా ఉంటాను. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్ట్ తన విద్యార్థులు 39 మందికి ఒక టెస్ట్ పెట్టి, "ఇది నీ వ్యక్తిత్వం" అంటూ తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిగ్గా ఉందో చెప్పమంటే ఐదుకు సగటున 4.26 వేశారు. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అందులోవి చాలావరకు జ్యోతిషం పుస్తకం నుంచి ఏరిన వాక్యాలు. "సార్, అచ్చం నా గురించే రాసింది" అని పిల్లలు మెరిసే కళ్లతో రిపోర్టు తెచ్చినప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది. మీరూ ఓ పని చేయండి. ఇద్దరు పిల్లల రిపోర్టుల మీద పేర్లు కొట్టేసి, రెండూ ఇద్దరి ముందూ పెట్టండి. ఏది తనదో గుర్తుపట్టలేకపోతే ఆ టెస్టుకు డబ్బు పెట్టక్కర్లేదు.

టూల్‌ని ఏరివేతకు కాదు, విస్తరణకు వాడండి. నిజమైన ఇబ్బంది ఎంపికలు ఎక్కువై రావడం లేదు, పిల్లలకు తెలిసిన పనులే తక్కువ. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ, 15 ఏళ్ల విద్యార్థుల మీద తాను చేసే పీసా సర్వే 2018 ఫలితాలను ఆధారం చేసుకుని 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 41 దేశాల్లో 15 ఏళ్ల పిల్లల్లో అబ్బాయిలు 47 శాతం, అమ్మాయిలు 53 శాతం మంది 30 ఏళ్లకు తాము ఉంటామనుకుంటున్నది కేవలం 10 ఉద్యోగాల్లో ఏదో ఒకదానిలో. అమ్మాయిల పది వేరు, అబ్బాయిల పది వేరు, అంతే తేడా.

ఓ-నెట్‌లో 900కు పైగా వృత్తులకు ఏయే పనులు చేస్తారు, ఏ నైపుణ్యాలు కావాలి అన్న వివరాలున్నాయి. యూరోపియన్ యూనియన్ తయారుచేసిన ఎస్కో అనే వృత్తుల జాబితాలో సుమారు 3,000 వృత్తులు, 13,000కు పైగా నైపుణ్యాలు, 28 భాషల్లో. రెండూ ఉచితం. నేను చేయించే పని చాలా మామూలుది. డాక్టర్ అవుతానన్న పిల్లవాడు ఆ పేజీ తెరవాలి, చుట్టుపక్కల వృత్తుల్లో తానెప్పుడూ వినని మూడు పేర్లు పట్టుకురావాలి. వినికిడి లోపాలు పరీక్షించే ఆడియాలజిస్ట్, కృత్రిమ అవయవాలు తయారుచేసి అమర్చే ప్రోస్థెటిస్ట్, రేడియేషన్ థెరపిస్ట్ లాంటివి. తర్వాత ఆ పనుల జాబితా చదివి, రోజూ చేసినా విసుగు రాదనిపించే వాటికి టిక్ పెట్టాలి. తన కల ఉద్యోగం పేజీలో తక్కువ టిక్కులు పడితే ఆ మౌనం నుంచే అసలు మాటలు మొదలవుతాయి. వృత్తిలో చేసే పనుల వివరణ ఏ దేశానికైనా చాలావరకు వర్తిస్తుంది. జీతం, లైసెన్సు, అర్హతలు వర్తించవు. వాటిని మీ దేశంలోని అధికారిక సైట్‌లోనే చూడాలి.

కొన్ని సైట్లు ప్రతి ఉద్యోగం పక్కనా "ఇది యంత్రాల పాలయ్యే అవకాశం ఇంత శాతం" అని చూపిస్తాయి. అలాంటి అంకెల్లో చాలావరకు ఫ్రే, ఆస్‌బోర్న్ అనే ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2013లో 702 వృత్తుల మీద వేసిన అంచనా నుంచి వచ్చినవే. సాంకేతికంగా సాధ్యమా అని చూసిన లెక్క అది, ఆ ఉద్యోగం పోయి తీరుతుందన్న లెక్క కాదు. ఆ అంకె చూసి కోర్సు మార్చుకోనివ్వకండి.

డబ్బు సంగతి. ఉచిత టెస్ట్ ఎవరి ఖర్చుతో నడుస్తోందో చూసుకోండి. ప్రభుత్వ సైటైతే పన్నుల డబ్బు. ప్రైవేటు సైట్ 40 ప్రశ్నలు అడిగి, "మీ ఫలితం సిద్ధం" అన్నాక ఫోన్ నంబర్ ఇస్తేనే చూపిస్తానందంటే, అక్కడ అమ్ముడుపోతున్నది ఆ నంబరే. మరునాటి నుంచి అడ్మిషన్ కాల్స్ వస్తాయి. ఏ పిల్లవాడు రాసినా ఫలితంలో ఒకే తరహా కోర్సు తేలుతోందంటే, ఆ కోర్సు అమ్మేదెవరో కనుక్కోండి. పద్దెనిమిది నిండని పిల్లల చేత గుర్తింపు పత్రాలు, మార్కుల మెమోలు ఇలాంటి చోట అప్‌లోడ్ చేయించకండి.

ఇక సీట్ల కేటాయింపు దగ్గర ప్రిడిక్టర్ల గోల. నిరుటి కటాఫ్‌లు తీసుకుని "నీకిక్కడ వస్తుంది" అని చెప్పే టూల్స్ ఇవి. రమారమి ఎక్కడున్నామో తెలుసుకోడానికి పర్లేదు. హాని ఎక్కడంటే, ఆ అంకె చూసి పిల్లలు రాదనుకున్న కాలేజీని కిందకు దించి, వస్తుందనుకున్నదాన్ని పైకి ఎక్కిస్తారు. 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే గణిత శాస్త్రవేత్తలు, విద్యార్థుల ఇష్టాలనూ కాలేజీల ఇష్టాలనూ జతకలిపే ఒక పద్ధతి రాశారు. విద్యార్థి వైపు నుంచి మొదలయ్యే ఆ పద్ధతిలో కేటాయింపు జరిగితే, మనసులో ఉన్న వరుసను ఉన్నట్టే రాయడమే ఎప్పుడూ మేలు, పై ఆప్షన్ రాకపోయినా కింద ఆప్షన్‌లో అవకాశం తగ్గదు. ఇదంతా వాడుకలోకి తెచ్చిన ఆల్విన్ రాత్‌తో కలిపి షాప్లీకి 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. కానీ అన్నిచోట్లా ఈ పద్ధతి ఉండదు. మొదటి ఆప్షన్‌గా పెట్టినవాళ్లకే ముందు సీట్లిచ్చే పద్ధతైతే వరుసలో ఎత్తుగడ వేయాల్సిందే. బోస్టన్ స్కూళ్లలో అలాంటిదే ఉండేది, 2005లో మార్చేశారు. ఇన్ని ఆప్షన్లే ఇవ్వాలన్న పరిమితి ఉన్నా లెక్క మారుతుంది, అన్నీ పైస్థాయివే పెడితే ఏదీ రాకపోవచ్చు. కాబట్టి ప్రిడిక్టర్ తెరిచేముందు కేటాయింపు నియమాల పత్రం చదవండి. ఎవరూ చదవరు, అదే బాధ.

ఇప్పుడు నేను మొదట్లో క్యాలెండర్ అన్నది ఎందుకో.

అమెరికాలో కాలేజీలో చేరతామని నిశ్చయించుకుని స్కూలు ముగించినవాళ్లలో 10 నుంచి 20 శాతం దాకా, తరగతులు మొదలయ్యే వేళకు ఎక్కడా చేరకుండా పోతున్నారని బెంజమిన్ కాసిల్‌మన్, లిండ్సే పేజ్ అనే పరిశోధకులు చూపించారు. వేసవి కరుగుడు అని దానికి పేరు. ఆ రెండు మూడు నెలల్లో పిల్లవాడు స్కూలు మనిషీ కాదు, కాలేజీ మనిషీ కాదు. అడగడానికి ఎవరూ ఉండరు. హాస్టల్ ఫారం, మెడికల్ సర్టిఫికెట్, ఫీజు గడువు, ఎప్పుడూ తెరవని ఈమెయిల్‌కు వచ్చిన లింకు, వీటిలో ఏదో ఒకటి తప్పుతుంది. జార్జియా స్టేట్ యూనివర్సిటీ 2016లో ఫోన్ మెసేజీలతో జవాబిచ్చే పౌన్స్ అనే చాట్‌బాట్ పెట్టి ఈ జారుడును 21 శాతం మేర తగ్గించింది. అది ఎవరి భవిష్యత్తునూ తేల్చలేదు. "నీ ఫారం ఇంకా రాలేదు" అని గుర్తుచేసింది, అర్ధరాత్రి అడిగినా సమాధానం ఇచ్చింది.

అయితే మెసేజీలు పంపితే చాలనుకోకండి. అదే ఆలోచనతో ఆర్థిక సాయం దరఖాస్తుల గురించి అమెరికాలో 8 లక్షల మందికి పైగా విద్యార్థులకు అక్కడి దేశ, రాష్ట్ర స్థాయి సంస్థలు సందేశాలు పంపితే ప్రభావమేమీ కనబడలేదని 2021లో ప్రచురితమైన పరిశోధన చెప్తోంది. నా ఉద్దేశంలో తేడా పంపినవాళ్లలో ఉంది. పౌన్స్ పంపింది ఆ పిల్లలు చేరబోయే కాలేజీ నుంచి, వాళ్ల సొంత ఫైలు చూసి. రెండోది ముక్కూమొహం తెలియని చోటు నుంచి అందరికీ ఒకటే మాట. మెసేజ్ మీ బృందంలోని, పిల్లలకు తెలిసిన మనిషి పేరుతో వెళ్లాలి. తిరిగి రాస్తే ఆ మనిషే పలకాలి.

దీనికి ప్లాట్‌ఫాం అక్కర్లేదు. అందరూ తెరవగలిగే ఒక షీట్ చాలు. ఏం చేయాలి, ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా, రుజువు ఎక్కడుంది అని నాలుగు గడులు. ఆ నాలుగోది వదలకండి. ఓ కుర్రాడు అన్నీ అప్‌లోడ్ చేశాను సార్ అని ధీమాగా ఉన్నాడు. రుజువు గడి ఖాళీగా ఉందని పోర్టల్ తెరిపించి చూస్తే, దరఖాస్తు స్థితి దగ్గర "సేవ్ అయింది" అని ఉంది, "సమర్పించారు" అని లేదు. ఆఖరి పేజీలో డిక్లరేషన్ పక్కన ఒక టిక్ పెట్టి ఇంకో బటన్ నొక్కాలి. ఫోన్‌లో ఆ బటన్ స్క్రీన్ కిందికి పోయి కనబడలేదు. గడువు మర్నాడు సాయంత్రం. అప్పటినుంచి అప్లికేషన్ నంబర్ కనబడే స్క్రీన్‌షాట్ వస్తేనే ఆ వరుసకు పచ్చరంగు వేస్తాం.

చాట్‌బాట్‌ల గురించి. గడువు తేదీలు, అర్హత మార్కులు, ఫీజులు వాటిని అడగొద్దు. తెలియకపోయినా తడుముకోకుండా చెప్తాయి, నిరుటి తేదీని ఈ ఏటిదిగా చెప్తాయి. "నేను ఏం చదవాలి" అని అడిగితే ఎక్కువగా నలుగురూ చెప్పేదే తిప్పి చెప్తాయి, అడిగిన తీరులోనే మీ మొగ్గు ఉంటే దానికే తలూపుతాయి. ఆ అమ్మాయి చేత అదే ప్రశ్నను అబ్బాయి పేరు పెట్టి అడిగించండి, సలహా మారిందేమో చూడండి. ఈ అనుమానం ఊరికే రాలేదు. పాత రెజ్యూమెల మీద శిక్షణ పొందిన అమెజాన్ నియామక సాఫ్ట్‌వేర్ ఆడవాళ్ల రెజ్యూమెలకు మార్కులు తగ్గిస్తోందని తేలి దాన్ని పక్కన పెట్టేశారని 2018లో రాయిటర్స్ బయటపెట్టింది.

వాటికి అప్పజెప్పదగ్గ పనులూ ఉన్నాయి. ఉద్యోగ ప్రకటన అతికించి, ఇందులో మాటలు నాకర్థమయ్యేలా చెప్పమనొచ్చు. ఇంటర్వ్యూ చేసే మనిషిలా ప్రశ్నలు అడగమనొచ్చు, సిగ్గరి పిల్లలకు ఇది వరం, తప్పు చెప్పినా ఎవరూ నవ్వరు. నాకు బాగా నచ్చిన వాడకం ఇంకోటుంది: "నేను ఫలానా కోర్సులో చేరదామనుకుంటున్నాను, వద్దని గట్టిగా వాదించు" అనమనండి. ఆ వాదనలకు పిల్లవాడు తన మాటల్లో జవాబు రాయాలి. జవాబు చెప్పలేని చోట్లు రెండు మూడు దొరుకుతాయి, అవి పట్టుకుని ఆ వృత్తిలో ఉన్న మనిషి దగ్గరకు పంపండి. రెజ్యూమె మాత్రం మొదటి ప్రతి సొంతంగా రాయించాలి. చాట్‌బాట్ రాసిచ్చిన రెజ్యూమెలో "సమర్థవంతంగా నిర్వహించాను" అని ఉంటుంది, ఇంటర్వ్యూలో "ఏం నిర్వహించావు?" అంటే నోరు పెగలదు.

ఆన్‌లైన్ కోర్సుల మీద ఒక్క మాట. హార్వర్డ్, ఎంఐటీ ఉచిత కోర్సుల లెక్కలు చూసి 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చిన వ్యాసం ప్రకారం, 2017-18లో చేరినవాళ్లలో పూర్తిచేసింది 3.13 శాతం. డబ్బు కట్టి సర్టిఫికెట్ దారి పట్టినవాళ్లలో ఇది చాలా ఎక్కువ. కొత్త రంగం రుచి చూడడానికి మొదటి రెండు వారాల పాఠాలు విని మానేసినా నష్టం లేదు, అది నాకు సరిపడదని తెలిసినా లాభమే. పూర్తి చేయాలనుకుంటే మాత్రం ఇద్దరు ముగ్గురిని కలిపి కూర్చోబెట్టండి.

ఇక మీరు కొందామనుకుంటున్న ప్లాట్‌ఫాం. పిల్లలు పాతిక, ముప్పై మంది అయితే కొనొద్దనే అంటాను. ఓ-నెట్, షీట్, మెసేజీలు సరిపోతాయి. ఆ డబ్బుతో గడువులుండే నెలల్లో సాయంత్రాలు ఫోన్ ఎత్తే మనిషిని పెట్టుకోండి. వందల్లో ఉంటే కొనక తప్పకపోవచ్చు. అప్పుడు అమ్మేవాళ్లను ఆరు అడగండి: టెస్ట్ ఏ సిద్ధాంతం మీద నడుస్తుంది, దాన్ని పరీక్షించిన నివేదిక చూపిస్తారా, కాలేజీల నుంచి డబ్బు తీసుకుంటారా, పిల్లల వివరాలు ఎవరికిస్తారు, మేం వెళ్లిపోతే తుడిచేస్తారా, మా డేటా మొత్తం షీట్‌గా దించుకోవచ్చా. రెండో ప్రశ్నకు నీళ్లు నమిలితే మూడోది అడగక్కర్లేదు. డెమో కూడా వాళ్ల ల్యాప్‌టాప్‌లో చూడకండి. మీ పిల్లల్లో అతి పాత ఫోన్ ఎవరి దగ్గరుందో వాళ్లకిచ్చి, లాగిన్ అయి ఒక గడువు తేదీ పట్టుకోమనండి. అది దొరక్కపోతే ఏడాది చందా కట్టకండి, నెల చందాతో మొదలుపెట్టండి.